బట్టల బరువు

అక్కా,

నీ కాలి పుండు నెల దాటినా మానలేదని బావ చెప్పాడు. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

దేశమంతా పెద్దవాళ్ల బరువులు తూచిన సర్వేలో మీ వీధి నాకే పడింది కదా. బట్టల కింద ఒక కిలో తీసేసి రాయమన్నారు. మీ ఎదురింటి టీచరమ్మ సిగ్గుపడుతూ, "కాస్త తగ్గించు నాయనా" అంటే నాలుగు తీసేశాను. నువ్వు మాత్రం "ఎంతుంటే అంత రాయరా" అన్నావు. నీ పరువు కాపాడుతున్నాననుకుని, ఎనభై మూడు కిలోలున్న నిన్ను డెబ్బై అయిదు చేశాను.

తర్వాత మా లెక్కలు చూసి, ఎనభై కిలోలు దాటినవాళ్లకే ఇంటికొచ్చి షుగర్ పరీక్ష చేశారు. నీ తలుపు ఎవరూ తట్టలేదు.

"షుగరుంటే సర్వేవాళ్లే చెప్పేవారుగా" అన్నాడు బావ. నేను తలూపాను.

సోమవారం పొద్దున్నే వస్తాను. ఏమీ తినకుండా ఉండు, పరీక్షకి వెళ్దాం. తిట్టేదేదో దారిలో తిట్టు.

నీ తమ్ముడు