వేణుమాధవ్ సిద్ధాంతం

మార్చి 3, 2025

కల్పలత ఫోన్ చేసింది. ఒకప్పుడు వేణుమాధవ్ దగ్గర స్టూడెంట్, ఇప్పుడు తనూ ప్రొఫెసర్. వాడికి డెబ్బై అయిదు నిండుతున్నాయట, అభినందన సంచిక వేస్తారట. మీరిద్దరు ఒక్క రూమ్‌ల కూసొని పని చేసినరంట గద సార్, జెర నాలుగు పేజీలు రాసియ్యండి అంది. రాస్తానన్నాను. ఏం రాస్తానో పాపం ఆవిడకి తెలియదు.

మార్చి 4

వాడి పేరుతో పుస్తకాలకెక్కిన సిద్ధాంతం నాది. 1983లో నోట్‌బుక్‌లో రుజువు రాసి, చూడమని వాడికిచ్చాను. వారం ఉంచుకుని, మస్తుగుంది అని తిరిగిచ్చాడు. ఏడు నెలలకి అదే ఫలితం జర్నల్‌లో వచ్చింది, వాడొక్కడి పేరుతో. మొదటి పేజీ దాటి చదవలేదు. నాది నేను చదవడమెందుకు? ఆ రోజే మాట మానేశాను. ఆ తర్వాత ఒకే కారిడార్‌లో ఇరవై ఏడేళ్లు.

వాడు డీన్ అయ్యాడు. నా ప్రమోషన్ ఇంటర్వ్యూలో వేణుమాధవ్ సిద్ధాంతం వివరించమన్నారు. నన్ను! చాక్‌పీస్ అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. తలుపు దాటుతుంటే ఒకాయన, రాదేమో పాపం, అన్నాడు. ఆయన పోయాడు. మంచిదే.

మార్చి 7

నోట్‌బుక్ అటక మీద దొరికింది. తేదీ ఉంది. ఇక చాలు.

మార్చి 9, ఉదయం 11

సంచిక కోసం రుజువు శుభ్రంగా ఎత్తి రాస్తున్నాను. పద్నాలుగో పేజీలో ఆగాను.

సాపేక్షత సమీకరణాల్లో కాలానికి ప్లస్ గుర్తు, దూరానికి మైనస్ పెట్టే పద్ధతి నాది. దానికి తలకిందులుగా పెట్టేది వాడిది. ఏదైనా ఫరవాలేదు, చివరిదాకా అదే ఉండాలి. ఇక్కడ వాడి నోట్స్‌లోంచి ఒక సమీకరణం ఉన్నదున్నట్టు దించుకున్నాను. గుర్తు మార్చలేదు. ఎమ్మెస్సీ వాళ్లు ఇలా చేస్తే సున్నా వేసేవాణ్ని.

సాయంత్రం 4

మూడుసార్లు చేశాను. గుర్తు దిద్దితే రుజువు నిలబడదు. వాడి పేపర్ డౌన్‌లోడ్ చేసి, మొదటిసారి చివరిదాకా చదివాను. ఫలితం నేను చెప్పిందే. దారి వేరు. నా అడుగు ఒక్కటీ లేదు.

మార్చి 10

మారేడ్‌పల్లి నుంచి బస్సులో సైనిక్‌పురి, వాడింటికి వెళ్లాను. వాడే తలుపు తీసి, ఏందిరా రాజూ, కొట్టనీకి వచ్చినవా అన్నాడు. పద్నాలుగో పేజీ అన్నాను. నవ్వు ఆగిపోయింది. గా తప్పు నాకు మూడో దినమే దొరికింది అన్నాడు. అప్పుడే చెప్పొచ్చుగా అన్నాను. చెప్తే నువ్వే దిద్దుకుంటుంటివి, నాకేం మిగులుతుండె అన్నాడు. తర్వాత చెప్దామంటే నువ్వు నాతోని మాట్లాడితివా అని కూడా అన్నాడు.

చాయ్ వద్దన్నాను.

తిరుగు బస్సులో నిజాయితీగా ఆలోచించాను. వాడు చెప్పి ఉంటే నేను దిద్దేవాణ్నా? ఆ దారి నాకు తట్టేదా?

తట్టేది కాదు.

మార్చి 18

కల్పలత ఫోన్. రాంగ్ నంబర్ అన్నాను. అదేంది, అమ్మిరాజు సార్ గొంతే గద అంది.

కాదమ్మా, అలాంటి వాళ్లెవరూ ఇక్కడ లేరన్నాను.