ప్రాంప్టర్ పెదవులు

చండ్రుగొండ,
ఆదివారం.

చిరంజీవి కయల్విళికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా ప్రాణాలతో ఉన్నాం. ఆరోగ్యంతో అని రాస్తే మీ అమ్మ ఒప్పుకోదు. నువ్వు క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాలు అలాగే ఉంది. పాల్వంచ దవాఖానాలో ఇచ్చిన మాత్రలు వేసుకుంటోంది కానీ మెట్లెక్కడం మానలేదు. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఊళ్లో నా చావు ఇంకా పాతబడలేదు. సీరియల్లో నా ఫోటోకు దండ వేసి ఐదేళ్లయినా, పక్కింటి సమ్మయ్య రోజూ చాయ్ దగ్గర అదే పరాచికం.

"ఏంది సారూ, టీవీల సచ్చిపోతివి గద. బీడీ ఎట్ల తాగుతున్నవ్?"

"దెయ్యాన్నయ్యా సమ్మయ్యా."

"గట్లయితే మా ఇంటామెను జర బెదిరియ్యరాదు, నీకు పుణ్యముంటది."

ఎవరో పత్రికవాళ్లు నా గురించి రాస్తారని, వివరాలు పంపమని అన్నావు. రాసుకో. మా నాన్న తమిళనాడులోని నైవేలి నుంచి బాయిలర్ ఫిట్టర్‌గా పాల్వంచ కరెంటు ప్లాంటుకు వచ్చాడు. నేను కంపెనీ క్వార్టర్‌లో పెరిగాను. ఇంట్లో తమిళం, గడప దాటితే తెలుగు. రెండు భాషల్లోనూ చేతికందిన పుస్తకమల్లా చదివాను. కాలనీ క్లబ్బులో నాటకాలు వేసి, ముప్పై మూడో ఏట హైదరాబాద్ వెళ్లి, ముప్పై రెండేళ్లపాటు సీరియళ్లలో తండ్రిగా, మామగా, ఒకసారి పీఠాధిపతిగా బతికాను.

మొదటి నిర్మాత నా గొంతు పనికిరాదన్నాడు. "ఓ పక్క పాల్వంచ, ఓ పక్క అరవం. నువ్వు నోరు కదిలించు చాలు" అన్నాడు. ఆయన జన్మలో ఒక్క పుస్తకం పూర్తిగా చదివినవాడు కాదు. అప్పటినుంచి నాకు వేరొకరు గొంతు ఇచ్చారు. నేను ఏడ్చిన ఏడుపుకు గొంతిచ్చినాయన శాలువా కప్పించుకుని, వేదిక మీద నా పేరు మరిచిపోయాడు. ఇంకో దర్శకుడు ఇడ్లీ తెప్పించిన ప్రతిసారీ యూనిట్ అంతా వినేలా "అరవోడికి రెండెక్కువ వెయ్యండ్రా" అనేవాడు. ఇవన్నీ పేర్లతో సహా అచ్చు వేయించు. నాకు అభ్యంతరం లేదు.

ఇక నీ ఉత్తరం చివరి పేజీ. పన్నెండేళ్లు స్నేహితురాలి వేషాలూ ఆడపడుచు వేషాలూ వేశాక, మొదటిసారి నీకు ప్రధాన పాత్ర వచ్చింది. దర్శకుడు చెంచురామయ్య. "మా నాన్నను 'పోరా అరవోడా' అని సెట్ మీద నుంచి తరిమినవాడి దగ్గర చెయ్యనని చెప్పేశాను, గురువారం దాకా ఆలోచించుకోమన్నారు, మంచి పనే చేశాను కదా నాన్నా?" అని రాశావు.

మంచి పని కాదు. ఆ మాట చెంచురామయ్య అనలేదు.

మా పని ఎలా సాగుతుందో నీకు తెలుసు. ఎవరూ డైలాగులు బట్టీ పట్టరు. కెమెరా పక్కన ప్రాంప్టర్ నిలబడి చదువుతుంటే విని, వెంటనే పలుకుతాం. గొంతు తరువాత వేసుకుంటారు. నాకు వినికిడి పోవడం మొదలై చెంచురామయ్య సీరియల్ నాటికే ఎనిమిదేళ్లు. ఎవరికీ చెప్పలేదు. మా సెట్‌లో శ్యామల ప్రాంప్టింగ్ చేసేది. విడమరిచి చదివే పిల్ల. ఆమె పెదవులు చూసి మాట పట్టేవాణ్ని. గొంతు నాది కాదు కనుక నా పెదవులు కదిలితే సరిపోయేది. ఎదుటి నటి మాట ముగిసిందని ఆమె కళ్లను బట్టి తెలుసుకునేవాణ్ని.

కరోనా సెలవుల తరువాత షూటింగ్ మొదలైంది. శ్యామల మాస్కు వేసుకుని వచ్చింది.

మొదటి షాట్‌కు నేను నోరు తెరవలేదు. ఆరు టేకులయ్యాయి. శ్యామల గొంతు చించుకుంటోందని ఆమె మెడ నరాలు చూసి తెలిసింది. వెనక లైట్లవాళ్లు నవ్వుతున్నారని భుజాల కదలిక చెప్పింది. చెంచురామయ్య ప్యాకప్ చెప్పి, మేకప్ గదిలోకి ఒక్కడే వచ్చి తలుపు వేశాడు. ఊరంతా మనిషిని చూసి మనిషి భయపడుతున్న రోజులవి. ఆయన తన మాస్కు కిందకు లాగి, నా మొహానికి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

"తంగవేలన్నా, ఎన్నాళ్ల నుంచి?"

నేను మేకప్ తుడుచుకోవడం మొదలుపెట్టాను. ఆయన మళ్లీ అడగలేదు. "కథలో గుండెపోటు పెడతాను. ఫోటోకు దండ వేద్దాం. కారణం ఎవరికీ చెప్పను. నా మీద ఒట్టు" అన్నాడు. ఈ ఐదేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నిన్ను పిలిచినప్పుడు కూడా చెప్పలేదంటే చూడు.

చెవులు పోయి ఇంటికొచ్చిన నటుణ్ని చూసి జాలిపడతారు. అవమానపడి వచ్చినవాణ్ని చూసి గౌరవిస్తారు. నాకు గౌరవం కావలసి వచ్చింది. ఆ తిట్టు చాలామంది తిట్టారు కనుక, తిట్టని ఒక్కడి నోట్లో పెట్టినా ఎవరూ అనుమానించలేదు. నువ్వు అసలే అనుమానించలేదు.

నువ్వు మాట్లాడుతుంటే పుస్తకం మూసి నీ మొహంలోకే చూస్తానని అందరితో చెప్పి మురిసిపోయేదానివి. అందులో కొంత ప్రేమే. కొంత మాత్రం అవసరం. ఫోన్ ఎత్తకపోవడానికీ కారణం ఇదే. ఫోన్లో పెదవులు కనపడవు.

నేను చెప్పకపోయినా మీ అమ్మకు చెవుల సంగతి తెలుసు, అబద్ధం సంగతి తెలియదు. నిన్న నీ ఉత్తరం చదివాక చెప్పాను. ఆమె వేగంగా మాట్లాడితే నాకు సగమే అందుతుంది. నిన్న మొత్తం అందింది.

"ఐదేండ్ల సంది ఆ మనిషిని నాతోని తిట్టిపిచ్చినవ్ గదయ్యా! ఇప్పుడు బిడ్డ బతుకు మీదికొచ్చె. నువ్వు రాస్తవా, నన్ను రాయమంటవా?"

"రాస్త."

"ఎప్పుడు? గురువారం పోయినంకనా?"

పోస్టులో వేస్తే సమయానికి అందదు. రేపు హైదరాబాద్ బస్సెక్కుతున్న సమ్మయ్య చేతికిస్తున్నాను. ఊరికే ఉండే మనిషి కాదు, దారిలో చదివినా చదువుతాడు. చదవనీ.

చెంచురామయ్య గొప్ప దర్శకుడేమీ కాదు. ఏడుపు సీనుకు మూడుసార్లు ఉరుము వేస్తాడు, ఆ అభిప్రాయం మార్చుకోను. అయినా నువ్వు వెళ్లు. ఎందుకు వద్దన్నావని అడిగితే ఈ కాగితాలు ఆయన చేతిలో పెట్టు. నా మీద కోపం వస్తే ఆరు నెలలు ఉత్తరం రాయకు, ఏడాది రాయకు, మీ అమ్మ నాతో పడినట్టే నేనూ పడతాను. ఆ పాత్ర మాత్రం నా మూలంగా వదలకు.

ఇట్లు,
నీకు ఇన్నాళ్లూ నిజం రాయని నాన్న,
తంగవేలు