పై వాటాలో నీలం

ప్రియమైన అక్కా,

నువ్వు వచ్చేలోగా పై వాటా ఖాళీ చేయించమన్నావు. ఆ బోర్డులు రాసే పెయింటర్ కదిలితేగా! మెట్ల తలుపుకి సొంత తాళం వేసుకున్నాడు. గేటు దగ్గర నిలబడి "ఖాళీ చెయ్యవయ్యా!" అని అరిస్తే కిటికీలోంచి చెంబుడు నీళ్ళు నా నెత్తిన కుమ్మరించాడు. పైగా "ఇది నా ఇల్లు, నువ్వే చెప్పావు" అంటాడు. వీధంతా నవ్వింది.

మధ్యాహ్నాలు కింద పడుకుని వింటుంటాను. పైన ఎవరో నీళ్ళ మీద నడుస్తున్నట్టు మెత్తటి అడుగులు. తలుపు సందులోంచి రంగు వాసన. మెట్ల మీద నీలం చుక్కలు, ఎండలో ఆరుతూ. ఒక్కోసారి కోపం సంగతే మరిచిపోయి వాటినే చూస్తూ ఉండిపోతాను. గుర్తొచ్చాక రెట్టింపు కోపం. రేపు పైకి వెళ్ళే నీళ్ళు కట్టేస్తాను.

నీ అగ్గిపెట్టె

ప్రియమైన అగ్గిపెట్టె తమ్ముడికి,

నీళ్ళ జోలికి వెళ్ళావో, వచ్చి నీ చెవి మెలేస్తాను. ఆ వాటా అమ్మ నాకిచ్చిందే, కాని అద్దెకున్నంతకాలం ఆ గుమ్మం అతనిది. తాళం పగలగొట్టకు, తట్టకుండా లోపలికి పోకు. నాకు కాన్పు దగ్గరపడింది. మీ బావ ఓడ మీదున్నారు. మా నర్సుల క్వార్టర్స్‌లో పసిబిడ్డతో ఉండనివ్వరు. నాకు వేరే చోటు లేదురా. ఈ మాట అతనికి చెప్పావా, వీధిలోంచి ఉపన్యాసం ఇచ్చి వచ్చావా?

ఇంకొకటి. అతను చేరిన రోజున, నువ్వు వీధుల్లో పంచే ఆ కరపత్రాల్లోంచి ఏం వినిపించావు? నిజం చెప్పు.

నిన్న కునుకులో ఆ పై గది కనిపించింది. గోడలు లేవు. ఎక్కడో దూరంగా మీ బావ ఓడ పోతోంది.

నీ అక్క

ప్రియమైన అక్కా,

పక్కనుండి విన్నట్టే కనిపెట్టేశావు. "ఇల్లు కాగితంలో పేరున్నవాడిది కాదండీ, అందులో ఊపిరి పీల్చేవాడిది. ఇది మీ ఇల్లే" అన్నాను. ఆయన నమ్మాడు. నా ఉపన్యాసం నమ్మిన మొట్టమొదటి మనిషినే నేను బయటికి పొమ్మన్నాను.

ఇవాళ వెళ్ళి తలుపు తట్టాను.

"ఎవరూ?"

"కింద వాటా అబ్బాయినండీ."

"మళ్ళీ తడవడానికొచ్చావా?"

"మా అక్కకి కాన్పు. ఆ సంగతి చెప్పకుండా అరిచాను. తప్పు నాదే."

తాళం తీసిన చప్పుడు.

అక్కా, లోపల గోడలు లేవు. నేల అంచు నుంచి పైకప్పు దాకా నీలమే. కిటికీ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఒక్క మూల మాత్రం తెల్లగా మిగిలింది.

"వయసంతా ఎవరెవరి దుకాణాలకో పేర్లు రాశాను బాబూ. నా ఇల్లన్నావని నాకోసం ఇదొక్కటి వేసుకుంటున్నా. సగంలో పొమ్మంటే ఎట్లా?"

తలుపు దగ్గరికి వేసి దిగి వచ్చేశాను.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

అయితే ఆయన్ని కదపకు. ఆ ఆకాశాన్ని చెరిపించి నేను పడుకోలేను. ఎక్కడో ఒకచోట నేనే చూసుకుంటాను. నువ్వు వేళకి తిను.

అక్క

ప్రియమైన అక్కా,

నువ్వెక్కడా చూసుకోనక్కర్లేదు. ఆ రోజు ఉపన్యాసంలో నీ వాటా తీసి నేను దానం చేశాను. ఇస్తే నాది ఇవ్వాలి కదా! నా కింద వాటా పెయింటర్ గారికి. ఆ ఆకాశంతో సహా పై వాటా నీకే. నేను డాబా మీది సామాన్ల గదిలోకి.

"మళ్ళీ ఉపన్యాసమా?" అన్నాడాయన. పరుపుచుట్ట భుజాన వేసుకుని మెట్లెక్కాను. అది చూసి నవ్వాడు. ఆ తెల్లమూల పూర్తిచేశాకే దిగాడు. దిగగానే నా పాత తలుపుకి తాళం బిగించాడు! ఇప్పుడు నా కరపత్రాల కోసం నేనే తట్టి అడగాలి.

గేటుకి బోర్డు రాస్తానన్నాడు. "ఎవరి పేరు?" అని అడిగాడు. నీదా, నాదా, ఆయనదా, తేల్చలేకపోయాను. ఆయన బోర్డంతా నీలం పూసి కుంచె కడిగేసుకున్నాడు.

వచ్చినప్పుడు ఇల్లు మారిపోయిందని కంగారుపడకు. ఏ పేరూ లేని నీలం బోర్డు వేలాడే గేటే మనది. మెల్లగా తట్టి రా.

నీ అగ్గిపెట్టె