మన్నుకో రేటు, పంతానికో రేటు

శ్రీమతి తిమ్మక్క గారికి,

సిరవార పక్క మా వలస రైతుల క్యాంపు నుంచి పిచ్చయ్య నమస్కారాలు. ఫోనులో మనిద్దరం అరుచుకుంటుంటే పని తెమలడం లేదు గనక, మీ టిప్పరు డ్రైవరు పంపన్న చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

మీ జేసీబీ నా పొలంలో చేపల చెరువు తవ్వింది, బానే ఉంది. తీసిన మట్టి మాత్రం గుట్టలా మడిలోనే కూర్చుంది. కాలవకి నీళ్ళు వదిలేలోపు అది లేవకపోతే ఈ ఏడు నాకు నాట్లు లేవు. అది తెలిసే కదండీ ట్రిప్పుకి పద్దెనిమిది వందలన్నారు! ఎత్తేది మట్టా, బంగారమా? తొమ్మిది వందలు చేసుకోండి.

ఇట్లు,
పిచ్చయ్య

తా.క.: ఆడమనిషి కదా, మెత్తగా ఉంటారనుకున్నాను.

*

పిచ్చయ్యన్నకు తిమ్మక్క శరణు.

ఆడమనిషి మెత్తగుంటదని మీకు ఎవరు చెప్పిండ్రో గానీ, మా ఇంటాయన మాత్రం చెప్పి ఉండడు.

డీజిల్ పోసేటోడు నన్ను చూసి తగ్గిస్తడా? నేనెందుకు తగ్గియ్యాలె? ఈ బండ్లు ఒక్కదాన్నే నడిపిస్తున్న. ఇయ్యాల మీకు దిగితే, రేపు క్యాంపు క్యాంపంత నా ఇంటి ముందట నిలబడతది. మళ్ల జన్మల నా రేటు ఎక్కదు.

మన్ను దూరం మల్లట్ ఊరి దాక పోవాలె, అందుకే అంత. దగ్గర పోసే జాగ చూపియ్యండ్రి, ఆర్నూర్లకే కొడత. మీ గట్టవతల శివాజన్న పొలంల పెద్ద గుంత ఉంది గద?

ఇట్లు,
తిమ్మక్క

తా.క.: పంపన్న చేతికి ఉత్తరమిచ్చిండ్రంట, చాయ్ మాత్రం ఇయ్యలేదంట. వాడు దానికి వేరే రేటు పెడతనంటున్నడు.

*

తిమ్మక్క గారికి,

శివాజీ పేరెత్తారా! ఆయన నా తోడల్లుడే, మా కుసుమకుమారి చెల్లెల్నే చేసుకున్నాడు. అయితే మాత్రం? నా గట్టు జానెడు దున్నేసుకున్న మనిషండీ! గట్టు మింగింది చాలక చెరువు మట్టి కూడానా? నా మట్టి తట్టెడు కూడా ఆయన గుంతలో ఊరికే పడడానికి వీల్లేదు.

నిజం చెప్పండి, ఆయనే కదూ మీ చేత ఇలా రాయించింది?

ఇట్లు,
పిచ్చయ్య

తా.క.: ఇది చదివి మా ఆవిడ, "మీ ఇద్దరికీ కలిపి ఒక గుంత తవ్వమనండి ఆవిణ్ణి" అంది. దానికి మాత్రం రేటు చెప్పకండి.

*

పిచ్చయ్యన్నకు శరణు.

నా చేత రాయించేటోడు ఇంక పుట్టలేదు.

ఇగ లెక్క ఇనుండ్రి. మన్నుకు ఆర్నూర్లు. మిగిలిన పన్నెండు నూర్లు మీ పంతానికి. నా మన్ను రేటు తగ్గది. మీ పంతం మీరే తగ్గించుకోండ్రి.

ఇట్లు,
తిమ్మక్క

తా.క.: వేరేటోళ్ల బండ్లు పిలుచుకుంటరా? పిలుచుకోండ్రి. కాలవకు నీళ్లు నన్నడిగి వదలరు.

*

తిమ్మక్క గారికి,

నా పంతానికి రేటు కట్టారా! అదీ పన్నెండు వందలా? అంత చవకనుకున్నారా?

కొట్టండి మల్లట్‌కే! ట్రిప్పుకి పద్దెనిమిది వందలూ పంపన్న చేతిలో పెడతాను. ఇక ఒక్క రూపాయి బేరమాడితే నా పేరు పిచ్చయ్యే కాదు. కానీ మాటివ్వండి, నా మట్టి శివాజీకి ఊరికే పోకూడదు.

ఇట్లు,
పిచ్చయ్య

తా.క.: మా ఆవిడ మాట్లాడ్డం మానేసింది. అదొక్కటే లాభం.

*

పిచ్చయ్యన్నకు తిమ్మక్క శరణు.

గుట్ట లేచింది, మడి సాపుగైంది, పైసలు బరాబర్ అందినయి. కాలవల నీళ్లొచ్చినయి, నాట్లేసుకోండ్రి.

మీ మన్నంత మల్లట్‌ల రంగవ్వ అని ఒకామె ఖాళీ జాగల పోసిన. పని మొదలైన రెండో దినమే శివాజన్న మా ఇంటికొచ్చిండు. గుంత నింపాలె, ఆ పిచ్చయ్య మట్టి పుక్కట్ల ఇచ్చినా ముట్టను, మల్లట్ నుంచే తెమ్మన్నడు. ఆయనకు గూడ అదే రేటు చెప్పిన. మల్లట్‌ల రంగవ్వ జాగల తప్ప ఇంకెక్కడుంది మన్ను? పోయేటప్పుడు మీ మన్ను, వచ్చేటప్పుడు గూడ మీ మన్నే.

ఊరికే పోవద్దన్నరు, పోలేదు. టిప్పరు టిప్పరుకు ఆయన పైసలు కట్టిండు. మాట తప్పిననంటే వచ్చి అడగండ్రి, ఇంట్లనే ఉంట.

ఇట్లు,
తిమ్మక్క

తా.క.: శివాజన్న గుంతల దిగి, మన్ను పిడికిట పట్టి చూసి, "మట్టంటే ఇదమ్మా! ఆ పిచ్చయ్య పొలంలో ఏడు జన్మలెత్తినా ఇలాంటిది దొరుకుద్దా?" అన్నడు. దేవుని మీద ఒట్టన్నా, నేను నవ్వలేదు. పంపన్న నవ్విండు.