పన్నెండో ప్రశ్న

మతాల అధ్యయన శాఖ మేడమ్ గారికి నమస్కారం.

నేను మీ రెండో సంవత్సరం విద్యార్థిని తండ్రిని. నా భార్య పోయి ఏడు నెలలైంది. ఆ తర్వాతే మా అమ్మాయి గణితం వదిలి మీ సబ్జెక్టులో చేరింది. తల్లిని వెతుక్కుంటూ వచ్చిందేమోనని నా భయం.

ఇంట్లోవాళ్ల నమ్మకాల గురించి మీరిచ్చిన ప్రశ్నావళిని నాచేత పూర్తి చేయించింది. చనిపోయినవారు ఎక్కడ ఉంటారని మీ నమ్మకం అన్న పన్నెండో ప్రశ్నకు ఒక మాట రాసి, కొట్టేసి, "తెలియదు" అని రాశాను.

"ఏం కొట్టేశావు నాన్నా? మేడమ్ అడుగుతారు" అంటూ రోజూ ఫోన్ చేస్తోంది.

"సిరా ఒలికిందమ్మా" అన్నాను.

"బాల్ పెన్నులోంచా?" అంది.

దయచేసి ఆ కొట్టివేత గురించి ఆమెను అడగకండి. నేను రాసింది "వంటింట్లో" అని. ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మాయి ఇప్పటికీ ఆ గుమ్మం దాటలేకపోతోంది.

ఇట్లు,
మీ విద్యార్థిని తండ్రి