శనివారం దాకా

ఇప్పలకుంట తండా,
బూర్గంపాడు మండలం.
9 సెప్టెంబర్ 2007, ఆదివారం.

చిరంజీవి శ్రీధర్‌కు,

భద్రాద్రి రాముడి చల్లని చూపు నీ మీద, నీ ఇల్లాలు కళ్యాణి మీద ఉండాలని కోరుతూ మీ మామ రామ్‌చందర్ రాస్తున్న సంగతులు. ఇక్కడ వానలు బాగున్నాయి. పత్తి మోకాలు దాటింది. మీ అమ్మకు ఒళ్ళు నొప్పులు తగ్గాయి. అంతవరకు క్షేమమే. నా క్షేమం గురించి అడగకు, అది ఈ కాగితం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ముప్పై ఏళ్ళుగా మైకు లేకుండా మూడు తండాలకు వినపడేట్టు రామకథ చెప్పిన గొంతు నాది. నీ ఎదుట నిలబడితే ఆ గొంతు పెగలదు. అందుకే కలం పట్టాను.

ముందు అసలు పని. శుక్రవారం నీ పేరున కొరియర్ కంపెనీ నుంచి ఒక కాగితం ఇంటికి వచ్చింది. మీ అమ్మ చదివిపెట్టమని నా దగ్గరికి తెచ్చింది. పదమూడో తారీకు, గురువారం, పదకొండు గంటలకు ఖమ్మం ఆఫీసులో మీ పై ఆఫీసరు ఉదయ్ భాస్కర్ గారి ముందు నువ్వు హాజరు కావాలట. సాక్షి ఎవరైనా ఉంటే వెంట తెచ్చుకోవచ్చట. లేదంటే భద్రాచలం బ్రాంచి శాశ్వతంగా పోతుంది, దొంగ డెలివరీ రాసినవాడని నీ పేరు అన్ని ఆఫీసులకూ పంపుతారు. అదే జరిగితే నిన్ను ఏ కొరియర్ కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. ఆ కాగితం ఇందులోనే మడిచి పెట్టాను.

ఆ సాక్షిని నేను. గురువారం నేను వస్తున్నాను.

వైరాలో చేపల లారీలకు ఐసు మోస్తున్నావని జీపు తుల్సీరాం చెప్పాడు. నాలుగేళ్ళ కింద ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక గోనెసంచితో భద్రాచలంలో బ్రాంచి తెరిచినవాడివి. మొదటి రోజు నా దగ్గరికి వచ్చి నువ్వు అన్న మాట నాకింకా గుర్తుంది. “మామా, మన అడవి ఊర్లకు ఏ కంపెనీ రాదు. తుల్సీరాం జీపుల సంచి ఏస్తా, నువ్వు క్రాసురోడ్డు కాడ దించుకొని మనోళ్ళకు పంచు. హనుమంతుడి పని, నీకు ఇట్లాంటివి ఇష్టమే గద” అన్నావు. నా బలహీనత నీకు బాగా తెలుసు. హనుమంతుడి పేరు చెబితే బండరాయినైనా మోస్తాను.

కానీ నేను దాన్ని ఎట్లా చేశానో నీకు పూర్తిగా తెలియదు. వచ్చిన ప్యాకెట్టును ఇంటింటికీ తీసుకుపోలేదు. భజన మందిరంలో రాముడి పటం ముందు పెట్టాను. శనివారం భజన అయ్యాక, హారతి అయ్యాక, ప్రసాదంతో పాటు ఒక్కొక్క పేరే పిలిచి చేతికిచ్చాను. దేవుడి ముందు నాలుగు రోజులు ఉంటే అందులో ఉన్న వార్త మంచిదవుతుందని చెప్పాను. జనం నమ్మారు. నేనూ నమ్మాను. బ్యాంకు కాగితాలు, పాసు పుస్తకాలు, బిచ్యా వాళ్ళ తమ్ముడు బొంబాయి నుంచి పంపిన ఫోటోలు, అన్నీ అట్లాగే పంచాను. భజనకు పదిహేను మంది వచ్చే చోట యాభై మంది రావడం మొదలైంది. నా రామకథకే వస్తున్నారనుకుని పొంగిపోయాను.

తరువాత సారపాకలో ఆకుపచ్చ చొక్కాల కంపెనీ బోర్డు కట్టింది. అప్పటినుంచి నీకు నిద్ర లేదు. వాళ్ళ మనిషి మోటారు సైకిలు మీద వచ్చి, చేతిలో ఉన్న చిన్న యంత్రం అద్దం మీద పుల్లతో సంతకం పెట్టించుకుంటుంటే మన వాళ్ళు తిరునాళ్ళ చూసినట్టు చూశారు. మన కంపెనీ ఊరుకుంటుందా? నీకూ కంప్యూటరు పంపింది. ఏ రోజు సరుకు ఆ రోజే ఇచ్చినట్టు సాయంత్రానికి అందులో కనపడాలంది. వందకు తొంభై అయిదు కనపడకపోతే బ్రాంచి ఇంకొకరికి ఇస్తామంది. ఈ పందెంలో ఏ ఆఫీసరూ మనిషి చేతికి చేరిందా అని అడగలేదు. తెర మీద చేరిందా అనే అడిగాడు. దీని మీద నేను రెండు వారాలు భజనలో మండిపడి చెప్పాను కూడా. మాయలేడి కూడా చూడటానికి లేడిలాగే ఉంది, దాని వెంట పోయినందుకు ఏమైంది అని. ఎంత గొప్పగా చెప్పానో! ఆ మాయలేడిని తోలింది నేనేనని అప్పుడు తోచలేదు.

నువ్వు నాకు సెల్లు కొనిచ్చిన రోజు గుర్తుందా? మందిరం వెనక గుట్ట ఎక్కి, పైన బండ మీద నిలబడితే గానీ సిగ్నల్ దొరకదు. ఇద్దరం ఎక్కాం. “ప్యాకెట్ మీది నంబరు కొట్టి పక్కన డి కొట్టి మెసేజ్ పంపు మామా, గంతే” అన్నావు. డి అంటే ఏందిరా అంటే, ఇచ్చేసినట్టు అన్నావు. “దేవునికిచ్చినా ఇచ్చినట్టేనారా?” అని నేనడిగితే కడుపు పట్టుకొని నవ్వావు. నువ్వది హాస్యమనుకున్నావు. నేను హాస్యమాడలేదు శ్రీధర్. ఆ రోజు నుంచి ప్యాకెట్టు రాగానే గుట్ట ఎక్కి డి కొట్టాను, డెలివరీ షీటు మీద వాళ్ళ సంతకాలు నేనే గీశాను, ప్యాకెట్టు మాత్రం శనివారం దాకా పటం ముందే ఉంచాను. నీ తొంభై అయిదు ఏనాడూ తగ్గలేదు. పై ఆఫీసు వాళ్ళు నిన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆగస్టు ఆరు, సోమవారం. వాగు పొంగి తుల్సీరాం జీపును నలుగురు తోస్తే గట్టెక్కింది. ఆ సంచిలో బిచ్యా బిడ్డ భార్గవి పేరున ఒక ప్యాకెట్టు వచ్చింది. నర్సు ట్రైనింగు స్కూలు వాళ్ళు పంపింది. గుట్ట ఎక్కాను, డి కొట్టాను. షీటు మీద భార్గవి అని సంతకం గీశాను. ప్యాకెట్టు పటం ముందు పెట్టాను. అందులో ఏముందో నాకు తెలియదు. తెలిస్తే వానలోనే పరుగెత్తేవాణ్ణి. పదకొండో తారీకు శనివారం ఆమె తల్లి కమ్లి వస్తే చేతికిచ్చాను. పదో తారీకు శుక్రవారమే ఖమ్మంలో సీటుకు పిలుపని ఇంటికి పోయి విప్పితే కాగితంలో ఉంది.

బిచ్యా పరుగున ఖమ్మం పోయాడు. “నీ బిడ్డకు సోమవారమే అందిందని ఇంటర్నెట్ల ఉంది, ఎందుకు రాలేదు?” అని వాళ్ళే ఎదురడిగారట. సీటు వేరే పిల్లకు పోయింది. అక్కడినుంచి నీ దగ్గరికి వచ్చి కొట్లాడాడు. నువ్వు నాకు ఫోను చేశావు. “మామా, ప్యాకెట్ నీకు ఎప్పుడొచ్చింది?” అని ఒక్కటే అడిగావు. నా ముందు అప్పుడు ముగ్గురు కూర్చొని ఉన్నారు. శనివారమే వచ్చింది, వచ్చిన రోజే ఇచ్చాను అన్నాను.

 “సరే మామా” అని నువ్వు ఫోను పెట్టేశావు.

ఆఫీసరు షీటు చూపించి ఈ సంతకం ఎవరిదని గద్దించినప్పుడు నువ్వేమన్నావో బిచ్యా ఊరంతా చెప్పాడు. “మా మామ అబద్ధం ఆడడు సార్. నేనే జీపుల పెట్టుడు మర్చిపోయినేమో” అన్నావట. దాంతో ఆ సంతకం నువ్వే గీశావని ఆయన తేల్చేసి, విచారణ దాకా బ్రాంచికి తాళం వేయించాడు. శ్రీధర్, నీకు పలక మీద అక్షరాలు దిద్దించినవాణ్ణి నేను. నాకు బడి చెప్పినవాడు ఎవడూ లేడు, పాత పుస్తకం ముందేసుకొని నాకు నేనే నేర్చుకున్న వంకర అక్షరాలు. నా ‘భ’ ఎట్లా ఉంటుందో నీకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నావు.

ఆ తరువాతి శనివారం నేనేం చేశానో విను. లేచి నిలబడి, నీ పేరెత్తకుండా, పేరెత్తినట్టే చెప్పాను. పది పైసల మెప్పు కోసం తెర మీద అబద్ధం రాసేవాడు పక్కింటి దీపం ఆర్పినవాడే అని గర్జించాను. జనం తల ఊపారు. భజన అయ్యాక మీ అమ్మ వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. “అన్నా, నా కొడుకు నీ పేరు ఖరాబు చేసిండు, మాఫ్ చెయ్యి” అని ఏడ్చింది. నా చెల్లె, తోడబుట్టింది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి మాఫ్ చేశాను. విన్నావా? నేను మాఫ్ చేశాను!

నిన్న, శనివారం, భార్గవి భజనకు వచ్చింది. పదో తరగతి అయినప్పటి నుంచి ఆ పిల్ల మందిరం గడప తొక్కలేదు. వెనక వరసలో గోడకు ఆనుకొని కూర్చుంది. హనుమంతుడు సముద్రం దాటి సీతమ్మ చేతిలో ఉంగరం పెట్టే ఘట్టం చెబుతున్నాను. ఆమె గుర్తుగా తల మీది మణి తీసి ఇచ్చిందని, అదే రాముడికి సాక్ష్యమని, సాక్ష్యం లేకుండా హనుమంతుడంతటివాడు కూడా పని అయిందని చెప్పలేదని చెబుతున్నాను. ఆ పిల్ల లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

“తాతా, నాకొక సందేహం. హనుమంతుడు ఉంగరం తీస్కపోయి శనివారం దాకా తనకాడనే పెట్టుకుంటే సీతమ్మ ఏమైతుండె?”

కొందరు నవ్వారు, ఇదేం ప్రశ్న అని. వాళ్ళకు అర్థం కాలేదు. నాకయింది. ఎవరు చెప్పారో తరువాత తెలిసింది. మొన్న జీపులో పోతూ తుల్సీరాంను అడిగిందట. “జీపు తోసినం గద బిడ్డా, గా సోమవారమే ఇచ్చిన” అన్నాడట. నెల రోజులుగా అందరూ కంప్యూటరును అడిగారు, కాగితాన్ని అడిగారు, నన్ను అడిగారు. తెచ్చిన మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి కథ మధ్యలో ఆపి, హారతి కూడా ఇవ్వకుండా బయటికి వచ్చేశాను.

ఈ పొద్దున వాళ్ళ ఇంటికి పోయాను. బిచ్యా ముఖం చూడలేక నేల చూస్తూ చెప్పాను. సోమవారమే వచ్చింది, నేనే ఉంచుకున్నాను, ఫోనులో శ్రీధర్‌కు అబద్ధం చెప్పాను అని. అతను తిడతాడనుకున్నాను. “నిన్ను నమ్మి గా పిలగాడ్ని తిట్టినం” అని ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది. కమ్లి పొయ్యి దగ్గర లేచి నిలబడింది. నన్నేదో అడగబోయి, బిడ్డ వైపు చూసి ఆగిపోయింది. నీ సీటు కోసం స్కూలుకు వచ్చి వాళ్ళ కాళ్ళు పట్టుకుంటానమ్మా అని భార్గవితో అన్నాను. “నా సీటు సంగతి నేను చూస్కుంట తాతా. వచ్చే ఏడు మళ్ళ రాస్త. నువ్వు శ్రీధరన్న పేరు సంగతి చూడు, పో” అంది. అయినా స్కూలుకు పోతాను. సీటు తిరిగి వస్తుందని ఆశ లేదు. ఆ పిల్ల తప్పు లేదని వాళ్ళ రిజిస్టరులో రాయించినా చాలు.

గురువారం ఉదయ్ భాస్కర్ గారి ముందు తెల్లకాగితం మీద భార్గవి అని రాసి చూపిస్తాను. ఆ ‘భ’ను, షీటు మీది ‘భ’ను పక్కపక్కన పెట్టుకోమంటాను. వచ్చే శనివారం మందిరంలో, నిన్ను ఏ గొంతుతో తిట్టానో ఆ గొంతుతోనే అందరికీ చెబుతాను. ఆ తరువాత రామకథ వినేవాళ్ళు ఉంటే చెబుతాను, లేకపోతే పటానికి చెబుతాను.

నన్ను మాఫ్ చెయ్యమని అడగను. మాఫీ ఎంత తేలికగా ఇవ్వవచ్చో మీ అమ్మ తల మీద చెయ్యి పెట్టినప్పుడే చూశాను.

కళ్యాణికి, నీకు ఆశీస్సులు. అవి నేను ఇవ్వదగినవే అయితే.

ఇట్లు,
మీ మామ
రామ్‌చందర్

తా.క. సంతకం పెట్టి కవరులో పెట్టాక మళ్ళీ తీశాను. పైన ఒక మాట అబద్ధం రాశాను. అందులో ఏముందో నాకు తెలియదని రాశాను. తెలుసు. ఆగస్టు ఎనిమిది, బుధవారం కమ్లి మందిరానికి వచ్చింది. “అన్నా, బిడ్డకు సీటు కాగితం వస్తదంటున్నరు, శుక్రవారమే పోవాల్నట, వచ్చిందా?” అని అడిగింది. ప్యాకెట్టు నా వెనక, పటం ముందే ఉంది. రాలేదన్నాను. పొద్దున ఆమె అడగబోయి ఆగింది ఇదే. నేను మరిచిపోయి కాదు, ఆచారం కొద్దీ ఉంచిందీ కాదు. అంతకు ముందు శనివారం భజనకు తొమ్మిది మందే వచ్చారు. ఆకుపచ్చ చొక్కాల వాళ్ళు ఇంటికే తెచ్చి ఇస్తుంటే ఇక నా దగ్గరికి ఎవరొస్తారని భయపడ్డాను. ఈ ఒక్క కాగితం కోసమైనా ఆ పిల్ల భజనకు వస్తుందనుకున్నాను. నిన్న వచ్చింది.

ఇది కూడా గురువారం చెబుతాను. ఈ కవరును తుల్సీరాం సంచిలో వెయ్యను, పటం ముందు పెట్టను. రేపు మొదటి బస్సుకు వైరా వచ్చి నీ చేతికే ఇస్తాను. అందినట్టు వెనక సంతకం నువ్వే పెట్టు.