మా గుర్రం తడబడలేదు

బాలిక్లోహన్, ఐర్లండ్
శుక్రవారం

పేపర్లో గుర్రప్పందాల జోస్యం రాసే హనాఫిన్ గారికి,

రేపటి కంచెలు దూకే పందెంలో ఏ గుర్రం ఎలాంటిదో మీరు రాసింది చదివాను. మా బ్రాంబుల్ గురించి, "పోయినేడు తడబడి పడి, మీదున్నవాణ్ణి చంపింది. నమ్మొద్దు" అన్నారు. ఆ మీదున్నవాడు నా కొడుకు కార్మాక్.

మా గుర్రం తడబడలేదండీ. కందకం ఉన్న కంచె దగ్గర మా ముందున్న గుర్రం కూలింది, మాది దాని కాళ్లకు తగులుకుని పడింది. కూలిన ఆ గుర్రాన్నే మీరిప్పుడు "అడుగు తప్పనిది, రేపు గెలిచేది ఇదే" అని నెత్తిన పెట్టుకున్నారు. ఆ రోజు పేపరువాళ్ల అద్దాల గదిలో కూర్చుని మీరు చూసింది పందేన్నా, విస్కీ గ్లాసునా?

రేపు బ్రాంబుల్ మీద నా కూతురు షివాన్ ఎక్కుతోంది. వద్దని ఏడ్చాను. "ఊరుకోవే అమ్మా! ఆ పేపరాయన రాతకి జడిసి ఇంట్లో కూర్చుంటే బ్రాంబులే నన్ను చూసి నవ్వుతుంది" అంది.

మీరంతా గెలుపు గీత దగ్గర ఉంటారు. నేను ఆ కందకం దగ్గర నిలబడతాను. నా బిడ్డ అది దాటితే నాకు చాలు. ఎవరు గెలిచారో మీరే రాసుకోండి. అదైనా కళ్లతో చూసి రాయండి.

కార్మాక్ తల్లి